సరిచూచుట: ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి గారు నన్ను కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందన్నారు. వారి అనుమతితో అంతకంటే చిన్న విషయం ఒకటి ఎంచుకున్నాను. స్వర్ణోత్సవ కానుకగా మన బడికి కంప్యూటర్లు ఇవ్వాలని సంఘం అనుకుంటోంది. చాలా మంచి ఆలోచన. ఆ కంప్యూటర్ల ముందు మొదటిసారి కూర్చునే పిల్లలకు మనం ముందుగా ఏం నేర్పాలి? దీని గురించే నాలుగు మాటలు చెబుతాను.

నా జవాబు ఒక్క మాటలో చెప్పేస్తాను. ప్రోగ్రాం రాయడం ఎలాగైనా వస్తుంది. రాసినది సరైనదో కాదో తేల్చుకోవడం మాత్రం నేర్పితేనే వస్తుంది. అది మొదటి రోజు నుంచే నేర్పాలి.

ఇది మనకు కొత్త సంగతి కాదు. భాగహారం చేశాక లెక్కల నోటులో కింద ఒక మాట రాసేవాళ్లం, గుర్తుందా? "సరిచూచుట." 1000ని 7తో భాగిస్తే భాగఫలం 142, శేషం 6. సరిచూచుట: 7 × 142 = 994, దానికి 6 కలిపితే 1000. ఇందులో ఒక కిటుకు ఉంది. మనం భాగహారాన్ని మళ్లీ అదే దారిలో చేయలేదు. గుణకారం అనే వేరే దారిలో వెళ్లి, బయలుదేరిన చోటికే వచ్చామా అని చూశాం. అదే దారిలో మళ్లీ నడిస్తే అదే గుంతలో మళ్లీ పడతాం. ప్రోగ్రాముల విషయంలోనూ అంతే.

ఆ భాగహారమే ఒక ఆల్గోరిథం. ఒక పనిని తడబాటు లేకుండా, ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చేలా, ఎక్కడో ఒకచోట ముగిసేలా చెప్పిన మెట్ల వరుసను ఆల్గోరిథం అంటాం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త పేరు నుంచి ఆ మాట వచ్చింది. మన భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద ఆయన రాసిన పుస్తకం లాటిన్‌లోకి వెళ్లి, ఆయన పేరే ఆ పద్ధతికి పేరైంది. భాగహార పద్ధతిలో గ.సా.భా. కనుక్కోవడం యూక్లిడ్ నాటిది, అంటే రెండువేల మూడువందల ఏళ్ల కిందటిది. కంప్యూటర్ వచ్చింది నిన్న మొన్న. కాబట్టి ఆల్గోరిథం నేర్పడానికి కంప్యూటర్లు వచ్చేదాకా ఆగనవసరం లేదు. నల్లబల్ల చాలు.

ఇక ఉదాహరణల్లోకి వెళదాం. అన్నిటికంటే తేలికైన దానితో మొదలుపెడతాను.

కొన్ని సంఖ్యలు ఇచ్చి, వాటిలో పెద్దది కనుక్కోమని పిల్లలకు చెప్పండి. చాలామంది ఇలా రాస్తారు: "పెద్దది" అనే పెట్టెలో 0 వెయ్యి. ఒక్కొక్క సంఖ్యనే తీసుకో. అది పెట్టెలో ఉన్నదానికంటే పెద్దదైతే పెట్టెలో దాన్ని పెట్టు. చివరికి పెట్టెలో ఉన్నదే జవాబు. తరగతి మార్కులు ఇచ్చి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 45, 72, 38 ఇస్తే 72 అంటుంది. పిల్లవాడు సంతోషంగా నోటు మూసేస్తాడు.

అప్పుడు మాస్టారు అడగాలి: లడఖ్‌లో చలికాలపు ఉష్ణోగ్రతలు ఇస్తే? మైనస్ 12, మైనస్ 7, మైనస్ 15 ఇస్తే మన ప్రోగ్రాం 0 అంటుంది. ఆ జాబితాలో 0 అసలు లేనే లేదు! పెట్టెలో 0 వేసినప్పుడే, సంఖ్యలన్నీ 0 కంటే తక్కువ ఉండవని మనకు తెలియకుండానే అనేసుకున్నాం. 0 బదులు జాబితాలోని మొదటి సంఖ్యనే పెట్టెలో వేసి మొదలుపెడితే ఈ చిక్కు తీరిపోతుంది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే? మొదటి సంఖ్యే లేదు కదా. అప్పుడు ఏం చెప్పాలో ముందే నిర్ణయించుకోవాలి.

సగటు తీసినా ఇలాంటిదే ఎదురవుతుంది. పరీక్షకు రాని పిల్లవాడి మార్కు 0గా తీసుకోవాలా, లెక్కలో నుంచి వదిలెయ్యాలా? ప్రోగ్రాం రెండు రకాలుగానూ రాయొచ్చు. ఏది సరైనదో కంప్యూటర్ చెప్పలేదు, లెక్క అడిగినవాళ్లు చెప్పాలి. అందుకే పరీక్షించడం ప్రోగ్రాం రాశాక మొదలయ్యే పని కాదంటాను. ఏం ఇస్తే ఏం రావాలో ముందు కాగితం మీద రాసుకుంటే, సమస్య మనకు ఎంతవరకు అర్థమైందో అక్కడే బయటపడుతుంది.

రెండో ఉదాహరణ మన తెలుగుకే ప్రత్యేకమైనది. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటను గుర్తుపట్టే ప్రోగ్రాం దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మాటను తిరగేసి రాయి, మొదటి మాటతో పోల్చు, రెండూ ఒకటైతే "అవును" అను. ఇంతే. ఇంగ్లీషు మాటలతో చక్కగా నడుస్తుంది. తెలుగులో "నటన" ఇవ్వండి, అవును అంటుంది. "జలజ" ఇవ్వండి, అవును. "కనక", అవును. మూడు పరీక్షలూ నెగ్గింది కదా అని వదిలేస్తామా?

తెలుగువాడైన ఎవరైనా తరవాత ఇచ్చే మాట ఒక్కటే: "వికటకవి". తెనాలి రామకృష్ణుడి బిరుదు, ఎటు చదివినా వికటకవే. మన ప్రోగ్రాం మాత్రం "కాదు" అంటుంది!

ఎందుకంటే, "వి" మన కంటికి ఒక అక్షరం. కంప్యూటర్ దాన్ని రెండు గుర్తులుగా దాచుకుంటుంది: ముందు "వ", ఆ తరవాత గుడి. "వికటకవి"లో మనకు కనిపించేవి ఐదు అక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు గుర్తులు. ఆ ఏడింటినీ తిరగేస్తే వరుస గుడితో మొదలై "వ"తో ముగుస్తుంది. హల్లు లేకుండా గుడి ముందుకొచ్చి కూర్చుంటుంది. అది మొదటి వరుసతో ఎలా సరిపోతుంది? "మహిమ", "పులుపు" కూడా ఇలాగే తప్పిపోతాయి. "నటన", "జలజ", "కనక"ల్లో గుణింతపు గుర్తులు లేవు కాబట్టి అవి నెగ్గాయి. అంటే మనం ఇచ్చిన మూడు పరీక్షలూ నిజానికి ఒకే పరీక్ష. ఒకే రకం మాటలు ముప్పై ఇచ్చినా అది ఒక్క పరీక్ష కిందే లెక్క.

దిద్దుబాటు ఏమిటి? ముందుగా మాటను అక్షరాలుగా విడగొట్టాలి. హల్లును, దాని గుణింతపు గుర్తును, ఒత్తును, సున్నాను కలిపి ఒక ముక్కగా తీసుకోవాలి. ఆ ముక్కలను తిరగేయాలి. ఇక్కడ తెలుగు మాస్టారికీ కంప్యూటర్ మాస్టారికీ కలిసి పని పడింది చూశారా! గురులఘువులు గుర్తించే పిల్లవాడికి అక్షరం అంటే ఏమిటో బాగా తెలుసు. ఆ తెలివే ఇక్కడ అక్కరకు వస్తుంది.

మూడో ఉదాహరణ ఒక బడిపంతులు ఇచ్చినది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవలాలీ అనే ఊళ్లో దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ అని ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. పెద్ద విశ్వవిద్యాలయం కొలువు లేదు, కంప్యూటర్ లేదు. కాగితం, పెన్సిలుతో 1949లో ఒక వింత కనిపెట్టారు. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకుండా చూసుకోండి. ఆ అంకెలతో ఏర్పడే పెద్ద సంఖ్యలో నుంచి చిన్న సంఖ్యను తీసివేయండి. వచ్చినదానితో మళ్లీ అలాగే చేయండి. ఏడు సార్లకు మించకుండా 6174 వచ్చి తీరుతుంది. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఉండిపోతుంది.

3524తో చూద్దాం. 5432లో నుంచి 2345 తీస్తే 3087. 8730లో నుంచి 0378 తీస్తే 8352. 8532లో నుంచి 2358 తీస్తే 6174. మూడు మెట్లలో చేరుకున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా దీనికి ప్రోగ్రాం రాయగలరు.

ఇప్పుడు 2111 ఇవ్వండి. 2111లో నుంచి 1112 తీస్తే 999. ప్రోగ్రాం దాన్ని మూడంకెల సంఖ్య అనుకుంటే 999లో నుంచి 999 తీసి 0 అంటుంది. కాప్రేకర్ మాస్టారు తప్పు చెప్పారా? లేదు. ఇది నాలుగంకెల ఆట కాబట్టి 999ని 0999గా రాయాలి. అప్పుడు 9990లో నుంచి 0999 తీస్తే 8991. అక్కడి నుంచి 8082, 8532, చివరికి 6174. ముందున్న సున్నాకు విలువ లేదని ఒకటో తరగతిలో నేర్చుకున్నాం. ఇక్కడ దానికి విలువ ఉంది.

ఈ తప్పు ఎంత బాగా దాక్కుంటుందో లెక్క కట్టి చెబుతాను. 1000 నుంచి 9999 వరకు 9000 సంఖ్యలున్నాయి. వాటిలో 1111, 2222 లాంటివి తొమ్మిది తీసేస్తే 8991. తప్పు ప్రోగ్రాం వీటిలో 68 సంఖ్యల దగ్గర మాత్రమే దొరికిపోతుంది. మూడు అంకెలు ఒకటే అయి, నాలుగోది దానికి ఒకటి ఎక్కువో తక్కువో ఉన్న సంఖ్యలు అవి. ఏవో పది సంఖ్యలు ఇచ్చి చూస్తే అవి తగలడం దాదాపు ఉండదు. తోచినట్టు వంద సంఖ్యలు ఇచ్చి చూసినా, తప్పు కంటబడకుండా పోయే అవకాశం ఇంచుమించు సగం ఉంది. "నేను వందసార్లు చూశానండీ" అన్న మాటకు బలం ఎంతో ఆలోచించండి.

అయితే ఈ లెక్కలో ఒక సుఖం ఉంది. ఉన్నవి 9000 సంఖ్యలే కనుక అన్నిటినీ పరీక్షించేయొచ్చు. కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని. 8991 సంఖ్యలు 6174కి చేరాలి, తొమ్మిది 0కి చేరాలి. సున్నా మరిచిన ప్రోగ్రాం 77 సంఖ్యలు 0కి చేరాయని చెబుతుంది. తొమ్మిది రావలసిన చోట డెబ్బై ఏడు వచ్చిందేమిటని పిల్లవాడు తల గోక్కుంటాడు. అతనికి నిజమైన చదువు అక్కడ మొదలవుతుంది.

నాలుగోది లీపు సంవత్సరం. "4తో భాగిస్తే శేషం రాకపోతే లీపు సంవత్సరం" అని చాలామంది రాస్తారు. 2023, 2024, 2000, 1996, ఇక్కడున్న మన పుట్టిన సంవత్సరాలు, ఏవి ఇచ్చినా సరైన జవాబే వస్తుంది. 1901 నుంచి 2099 దాకా ఈ నియమం తప్పదు మరి! మన జీవితకాలమంతా ఆ హద్దుల లోపలే ఉంది. 1900 ఇస్తేనో 2100 ఇస్తేనో బండారం బయటపడుతుంది. 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండర్ నియమం ప్రకారం 100తో భాగింపబడే సంవత్సరం లీపు కాదు, 400తో కూడా భాగింపబడితే తప్ప. దీన్ని వేరే దారిలో సరిచూడటం ఎలా? 2001 నుంచి 2400 వరకు లీపు సంవత్సరాలు ఎన్నో ప్రోగ్రాంతో లెక్కపెట్టించండి. 97 రావాలి. 100 వచ్చిందంటే నియమం సగమే రాశామన్నమాట.

ఇవి పిల్లల తప్పులే అనుకోకండి. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి జూన్ అనే పాటల పరికరం, 30 గిగాబైట్ల మోడల్, ఎక్కడివక్కడ బిగుసుకుపోయింది. లోపలి గడియారం 1980 నుంచి గడిచిన రోజులను లెక్కపెట్టుకుని, అందులో నుంచి సంవత్సరాన్ని రాబట్టేది. ఆ మెట్లు ఇలా ఉన్నాయి: రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపు తిరుగుతూ ఉండు. లీపు సంవత్సరం కాకపోతే 365 తీసెయ్యి. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తీసెయ్యి.

ఇప్పుడు రోజులు సరిగ్గా 366 మిగిలాయనుకోండి, సంవత్సరం లీపు. 365 కంటే ఎక్కువే, కాబట్టి తిరగాలి. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి ఏమీ తీసేయకూడదు. ఏమీ తగ్గదు, మళ్లీ తిరుగుతుంది, మళ్లీ ఏమీ తగ్గదు. గానుగెద్దులాగా అక్కడే తిరుగుతూ ఉంటుంది. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 దాని 366వ రోజు. బ్యాటరీ అయిపోయి, తెల్లవారి జనవరి 1 వచ్చాకే అవి మళ్లీ పనిచేశాయి. విడుదలకు ముందు 365, 366, 367 అనే మూడు సంఖ్యలు కాగితం మీద వేసి, ఆ మెట్లను చేత్తో నడిపించి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది. తప్పులకు హద్దులంటే ఇష్టం. పొలంలో కలుపు గట్టు వెంట పెరిగినట్టు, అవి అంచుల దగ్గరే పెరుగుతాయి.

ఇక ఉపాధ్యాయులకు నా మనవి. ఇది తరగతిలో ఎలా చేయించవచ్చో చెబుతాను, ఖర్చేమీ లేదు. నోటు పేజీలో మూడు గళ్లు గీయించండి. మొదటిది "ఇచ్చేది", రెండోది "రావలసినది", మూడోది "వచ్చినది". మొదటి రెండు గళ్లూ ప్రోగ్రాం రాయకముందే నిండాలి. వచ్చినది చూశాక రావలసినది రాస్తే మన మనసు దానికి సర్దుకుపోతుంది, ఎవరికైనా అంతే. ఇచ్చేవాటిలో ఒకటి మామూలుది, ఒకటి అతి చిన్నది, ఒకటి అతి పెద్దది, ఒకటి సరిగ్గా హద్దు మీదది, ఒకటి ఖాళీది ఉండాలి. ఆ పైన ఒకటి "ఇలాంటిది ఎవరిస్తారులే" అనిపించేది ఉండాలి.

తరవాత, కంప్యూటర్ దగ్గరకు వెళ్లేముందు పిల్లవాడే కంప్యూటర్ కావాలి. ఒక్కొక్క మెట్టూ చదువుతూ, పెట్టెల్లో విలువలు ఎలా మారుతున్నాయో కాగితం మీద రాయాలి. పది కంప్యూటర్లు, యాభైమంది పిల్లలు ఉన్న చోట ఇదే అసలైన మార్గం కూడా. నలభైమంది కాగితం మీద నడిపిస్తుంటే పదిమంది మీటలు నొక్కుతారు.

ఆఖరుది, నోట్లు మార్పించండి. ఒకరి ప్రోగ్రాంను పక్కవారు పరీక్షించాలి. మనం రాసినదాన్ని మనమే తప్పు పట్టుకోవడానికి మనసు ఒప్పుకోదు. పక్కవాడిది పట్టుకోవడానికి ఎవరికైనా హుషారే! తప్పు దొరికితే పట్టినవాడికి చప్పట్లు కొట్టించండి. రాసినవాడికి చీవాట్లు మాత్రం వద్దు. చీవాట్లు పడతాయని తెలిస్తే పిల్లలు తేలిక ప్రశ్నలే ఇచ్చి ఒకరినొకరు కాపాడుకుంటారు. మార్కులు కూడా ప్రోగ్రాంకు సగం, దాన్ని పరీక్షించిన పట్టికకు సగం వేయండి. రికార్డు పుస్తకంలోకి ప్రోగ్రాం కాపీ కొట్టవచ్చు గానీ, నిన్న మాస్టారు అప్పటికప్పుడు ఇచ్చిన లెక్కకు పరీక్షల పట్టిక కాపీ కొట్టడానికి ఎక్కడా దొరకదు.

ఎంత పరీక్షించినా తప్పు లేదని నిరూపించలేం, ఉన్న తప్పును మాత్రమే చూపగలం అని డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా హెచ్చరించేవాడు. అది నిజం. 9000 సంఖ్యల లెక్కలాగా అన్నీ చూసేయగల సందర్భాలు తక్కువ. అందుకే ఏవి చూడాలో ఎంచుకునే తెలివి కావాలి.

కార్యదర్శి గారు అడిగిన కృత్రిమ మేధ సంగతి ఇక్కడికే వస్తుంది. ఈ రోజు ఫోనులో అడిగితే క్షణంలో ప్రోగ్రాం రాసిచ్చే సాధనాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. వద్దని ఆపలేం, ఆపనక్కరలేదు కూడా. కానీ అది ఇచ్చినది సరైనదో కాదో ఎవరు చెబుతారు? అందులో 2111 తప్పిపోతుందా, వికటకవి నిలుస్తుందా అని అడగడం వచ్చిన పిల్లలకు అది పనిముట్టు. అడగడం రానివారు అది చెప్పిందే వేదమనుకుంటారు. పట్నంలో పెద్ద బడుల్లో చదివే పిల్లలకూ మన బడి పిల్లలకూ మధ్య ఈ విషయంలో తేడా రాకూడదని నా కోరిక. ఈ అలవాటుకు ఏసీ గది అక్కరలేదు. పేజీలో మూడు గళ్లు చాలు.

మిత్రులారా, మనలో చాలామంది హైదరాబాదులో, బెంగళూరులో, విదేశాల్లో ఈ రంగంలోనే ఉన్నాం. సంక్రాంతికో దసరాకో ఊరికి వస్తాం. వచ్చినప్పుడు ఒక్క రెండు గంటలు బడికి ఇద్దాం. ఉపన్యాసం వద్దు. ఒక చిన్న లెక్క, దాన్ని పడగొట్టే ఐదు ప్రశ్నలు పట్టుకొద్దాం. పిల్లలు ఆరోది వాళ్లే కనిపెడతారు. కంప్యూటర్లు ఐదారేళ్లలో పాతబడతాయి. వాటితో పాటు ఈ అలవాటునూ ఇస్తే అది పాతబడదు.

ఈ వారం పనిగా పిల్లలకు ఒకటి ఇచ్చి వెళతాను. మూడు భుజాల కొలతలు ఇస్తే అది సమబాహు త్రిభుజమో, సమద్విబాహు త్రిభుజమో, విషమబాహు త్రిభుజమో చెప్పే ఆల్గోరిథం రాయండి. రాయకముందు, కనీసం పది పరీక్షలు పట్టికలో నింపండి. ఒక చిన్న సూచన: 1, 2, 3 కొలతలతో త్రిభుజం వస్తుందా? జవాబులు మీ మాస్టారికి చూపించండి. మాస్టారు ఇంకో పరీక్ష చేర్చి మీకు తిరిగి ఇస్తారు, నాకు తెలుసు.